కొసాక్ రౌతు, డ్రాగూన్ ఫలకం: ఒక రష్యన్ వెండి బొమ్మని పరీక్షించిన నా అనుభవం

లీడ్స్ దగ్గర స్థిరపడిన గుంటూరు డాక్టర్ గారొకరు రిటైరయ్యాక పాత వెండి సామాను సేకరించడం మొదలుపెట్టారు. ఆయన కొన్నవాటన్నిటిలోకీ ఖరీదైనది ఒక రష్యన్ గుర్రపు రౌతు బొమ్మ. అడుగు పైన ఎత్తు ఉంటుంది. రౌతు కొసాక్, అంటే రష్యా సరిహద్దు ప్రాంతాల గుర్రపు యోధుడు. తల మీద బొచ్చు టోపీ, చేతిలో ఈటె. గుర్రం మంచులో కాలు దిగబడి ఆగినట్టు మెడ వంచి ఉంటుంది. నల్లరాతి పీఠం ముందువైపు ఒక వెండి ఫలకం. 1902లో ఒక డ్రాగూన్ (గుర్రపు దళం) రెజిమెంటు ఆఫీసర్లు తమను వదిలి వెళ్తున్న కమాండర్‌కి ఇచ్చిన కానుక అని దాని మీద చెక్కి ఉంది. ఆ కింద వాళ్ల సంతకాలు. ఇన్సూరెన్సు వాళ్లు పరీక్ష రిపోర్టు లేనిదే ఆ విలువకి పాలసీ ఇవ్వమన్నారట. ఎవరో నా పేరు చెప్పారు, డాక్టర్ గారు ఫోన్ చేశారు.

నేను ఇంగ్లండ్‌లో పాత లోహపు వస్తువుల్ని పరీక్షించి, పాడవకుండా చూసే కన్జర్వేటర్‌గా పనిచేస్తున్నాను. మాది కరీంనగర్, వెండి తీగ పని చేసే ఇల్లు. టంకం ఎలా పారుతుందో, వెండి ఎప్పుడు ఎర్రబడుతుందో చిన్నప్పుడే నాన్న పక్కన కూర్చుని చూశాను. రష్యన్ వెండి మాత్రం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. ఆ రెజిమెంటు పేరూ, కమాండర్ పేరూ ఇందులో రాయడం లేదు. ఆయన వారసుల కోసం వెతుకులాట ఇంకా నడుస్తోంది.

ఇలాంటి బొమ్మలు ఎందుకు తయారయ్యాయో కొంచెం చెప్పాలి. జార్ల కాలంలో రష్యన్ రెజిమెంటు అంటే ఆఫీసర్లకి ఒక ఇల్లు లాంటిది. కమాండర్‌కి పదోన్నతి వచ్చి వెళ్లిపోతున్నా, రెజిమెంటు పుట్టి నూరేళ్లో రెండొందల ఏళ్లో నిండినా, ఆఫీసర్లంతా తలా ఇంత వేసుకుని వెండి వస్తువు చేయించేవారు. పెద్ద మద్యం గిన్నెలు, పడవ ఆకారంలో ఉండే కోవ్ష్‌లు, బ్రాటినాలు అనే గుండ్రటి పానపాత్రలు మామూలు. డబ్బు ఎక్కువ పోగైతే బొమ్మ: పాత కాలం యూనిఫాంలో సిపాయి, కవచం తొడిగిన పురాణ వీరుడు, గుర్రం మీద కొసాక్. సాజికోవ్ కంపెనీ 1851లో లండన్ మహా ప్రదర్శనకి కులికోవో యుద్ధంలో గాయపడిన మాస్కో రాజు ద్మీత్రి దోన్‌స్కోయ్ బొమ్మలున్న పెద్ద వెండి దీపస్తంభాన్ని పంపి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఒవ్చిన్నికోవ్, ఖ్లెబ్నికోవ్, గ్రాచేవ్ సోదరులు, ఫాబెర్జే, అందరూ ఈ పని చేశారు. గుర్రాలూ కొసాక్‌ల విషయంలో శిల్పి యెవ్గేనీ లాన్సెరే ప్రభావం అంతా ఇంతా కాదు. 1886లో నలభై నిండకుండానే పోయాడు గానీ, ఆయన కంచు బొమ్మల్లోని గుర్రం నిలబడే తీరు ఆ తర్వాతి వెండి బొమ్మల్లోనూ కనిపిస్తుంది.

సంతకాలు చెక్కే పద్ధతి నాకు చాలా ఇష్టం. ప్రతి ఆఫీసరూ కాగితం మీద సంతకం పెట్టేవాడు. నగిషీ పనివాడు దాన్ని ఉన్నదున్నట్టు వెండి మీదకి దించేవాడు. అందుకే ఒక్కో ఫలకం మీద ఇరవై ముప్పై మంది చేతిరాతలు విడివిడిగా కనిపిస్తాయి. ఒకరిది నిలువు గీత, ఒకరిది తోక సాగదీసిన సుడి. డాక్టర్ గారి ఫలకం చూడగానే నాకు ముందు నచ్చింది అదే.

పని మొదలుపెట్టేముందు ఆయనకి ఒక్కటే షరతు పెట్టాను: దాన్ని మెరుగు పెట్టొద్దు, గుడ్డతో కూడా తుడవొద్దు. వెండి మీద పేరుకున్న నలుపు పనికిరాని మురికి కాదు. ఏ భాగం ఎంతకాలంగా ఎక్కడుందో అదే చెప్తుంది. పాలిష్ పెట్టిన ప్రతిసారీ ముద్రలు అరిగిపోతాయి, చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి. మన ఇళ్లల్లో పండక్కి వెండి సామాను తళతళలాడేలా తోమడం అలవాటు కదా, డాక్టర్ గారి భార్యకి ఈ షరతు మింగుడుపడలేదు. "అంత నల్లగా ఉంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారమ్మా" అన్నారు. పని అయ్యేదాకా ఓపిక పట్టమన్నాను, పట్టారు.

ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను, పక్క నుంచి వాలుగా లైటు వేసి కూడా. తర్వాత బొమ్మని పీఠం నుంచి విడదీశాను. అడుగున మరబిళ్ల ఒకటి, దానికి మరచుట్టిన కడ్డీ. ఆ మరల మధ్య ఎడం ఒక్కలాగా లేదు, చేత్తో కోసిన మర. పాత పనికి ఇది మంచి గుర్తు. గుర్రం కడుపు లోపల దీపం పెట్టి చూస్తే పోత చర్మం గరుకుగా ఉంది, మూలల్లో కాలిన మట్టి అచ్చు ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. మైనపు అచ్చుతో పోసిన బోలు పోత. తోక, కాళ్లు విడిగా పోసి టంకం వేశారు. రౌతుని జీను మీద మరతో బిగించారు. కళ్లెం వెండి తీగ. గుర్రం మెడ మీద జూలుని పోసి వదిలేయకుండా, ఉలితో ఒక్కో పాయా మళ్లీ చెక్కారు. ఆ పని చూస్తుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక ముద్రలు. రష్యన్ వెండిలో సగం నిజం వీటిలోనే ఉంటుంది. పాత రష్యాలో వెండి స్వచ్ఛతని జొలోత్నిక్‌లలో లెక్కపెట్టేవారు. 96 అంటే స్వచ్ఛమైన వెండి. ఎక్కువగా వాడింది 84, అంటే వెయ్యికి 875 పాళ్లు. 19వ శతాబ్దంలో ఈ అంకె పక్కన నగరం ముద్ర ఉండేది: మాస్కోకి సర్పాన్ని పొడుస్తున్న సెయింట్ జార్జ్, పీటర్స్‌బర్గ్‌కి అడ్డంగా పెట్టిన రెండు లంగర్లూ రాజదండమూ. 1899 నుంచి దేశమంతటికీ ఒకటే ముద్ర వచ్చింది. కకోష్నిక్ అనే సంప్రదాయ తలకట్టు పెట్టుకున్న స్త్రీ తల. 1908 దాకా ఆ ముఖం ఎడమవైపు చూస్తుంది, పక్కన పరీక్షాధికారి పేరులోని తొలి అక్షరాలుంటాయి. 1908 నుంచి ముఖం కుడివైపు తిరిగింది, అధికారి అక్షరాల స్థానంలో జిల్లాని సూచించే గ్రీకు అక్షరం వచ్చింది. పీటర్స్‌బర్గ్‌కి ఆల్ఫా, మాస్కోకి డెల్టా.

గుర్రం కాళ్ల కింద ఉన్న మంచునేల అంచులో, పది రెట్లు పెద్దగా చూపించే అద్దంలో, ముద్ర దొరికింది. గ్రాచేవ్ సోదరుల పేరు, 84, స్త్రీ తల, ఆల్ఫా. ఉక్కు పోటుతో కొట్టిన ముద్ర అయితే అక్షరం అడుగు చదునుగా, అంచు పదునుగా ఉంటుంది, చుట్టూ లోహం కొంచెం ఉబ్బుతుంది. పోతలోనే వచ్చిన దొంగ ముద్ర అయితే అడుగున చిన్న చిన్న బుడగలు, అంచులు జారినట్టు ఉంటాయి. ఇది నిక్కచ్చిగా పోటుతో కొట్టిందే. రౌతు కాలి కింద, ఈటె మొదట్లో, విడదీయగలిగే ప్రతి భాగం మీదా చిన్న ముద్ర ఉంది. రష్యన్ పద్ధతి అదే.

కానీ స్త్రీ ముఖం కుడివైపు చూస్తోంది.

అద్దం దించి, లైటు మార్చి మళ్లీ చూశాను. కుడివైపే. అంటే ఈ బొమ్మ 1908కి ముందు తయారయ్యే వీల్లేదు. ఫలకం మీద తేదీ 1902.

రౌతు కొసాక్ కావడం, కానుక ఇచ్చింది డ్రాగూన్లు కావడం నాకు మొదట్లోనే కొంచెం తేడాగా అనిపించింది. అయితే దాని మీద ఏ నిర్ణయమూ చెయ్యకూడదు. కొసాక్ బొమ్మలు ఆ రోజుల్లో అంత ఇష్టంగా కొనేవారు, ఏ రెజిమెంటైనా షాపులో ఉన్నదాన్ని ఎంచుకుని ఫలకం వేయించి ఇవ్వచ్చు. తేదీ విషయం అలా కాదు.

ఫలకం వైపు తిరిగాను. దాని కింది అంచులో, ఆకుల అల్లిక నగిషీ చాటున, దానిదే ఒక చిన్న ముద్ర ఉంది. అందులో స్త్రీ ముఖం ఎడమవైపు చూస్తోంది, పక్కన యా, ఎల్ అని రెండు రష్యన్ అక్షరాలు. 1899 నుంచి కొన్నేళ్లు పీటర్స్‌బర్గ్‌లో పరీక్షాధికారిగా ఉన్న యాకోవ్ ల్యాపునోవ్ గుర్తు అది. 1902కి సరిగ్గా అతుకుతుంది. రాతలో కూడా 1918 సంస్కరణలో తీసేసిన పాత అక్షరాలన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. మాటల చివర మూగ గుర్తులు, లోపల పాత 'యాత్' అక్షరం, ఒక్కటీ తప్పు లేదు. దొంగ పని చేసేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

రెజిమెంటు పేరు కూడా అదే చెప్పింది. 1882లో మూడో అలెగ్జాండర్ కాలంలో సైన్యంలోని మామూలు హుస్సార్, ఉలాన్ అనే గుర్రపు రెజిమెంట్లన్నిటినీ డ్రాగూన్లుగా మార్చి వరుస నంబర్లిచ్చారు. గార్డు రెజిమెంట్లకి మాత్రం పాత పేర్లు ఉంచారు. జపాన్‌తో యుద్ధం ఓడిపోయాక, 1907 చివర్లో, పాత పేర్లు తిరిగొచ్చాయి, నంబర్లు మారాయి. ఫలకం మీదున్న పేరూ నంబరూ 1882కీ 1907కీ మధ్యవే. గ్రాచేవ్ వాళ్లు ఈ రౌతుని పోసే నాటికి ఆ పేరుతో ఆ రెజిమెంటే లేదు.

ఇంత తెలిశాక కూడా రిపోర్టు రాసెయ్యడానికి మనసొప్పలేదు. లోహం ఏం చెప్తుందో కూడా చూడాలి. ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరంతో పరీక్ష చేయించాను. వస్తువుని గోకక్కర్లేదు, కిరణం తగిలిన చోట ఏ లోహాలున్నాయో చెప్తుంది. దీన్ని చదవడంలో ఒక మెలకువ ఉంది. పాత వెండిని తయారీలో ఆమ్లంలో ముంచి తీస్తారు కాబట్టి పైపొరలో రాగి తగ్గి, వెండి శాతం లోపలికంటే ఎక్కువ చూపిస్తుంది. 84 ముద్ర, అంటే 87.5 శాతం వెండి ఉన్నదానికి 90 శాతం వచ్చిందని కంగారు పడకూడదు. బొమ్మలోనూ ఫలకంలోనూ సీసం, బంగారం లేశాలు కనిపించాయి, పాత పద్ధతిలో శుద్ధి చేసిన వెండి లక్షణం అది. రెండూ పాతవే. కానీ ఫలకం వెనక పీఠానికి దిగే మేకుల దగ్గర టంకంలో కాడ్మియం వచ్చింది. కాడ్మియం కలిపిన టంకం 20వ శతాబ్దంలోనే నగల పనిలోకి వచ్చింది. ఇప్పుడు విషమని చాలాచోట్ల మానేశారు. జార్ల కాలపు షాపులో ఆ టంకం ఉండే ప్రశ్నే లేదు. ఫలకాన్ని ఈ పీఠానికి ఎవరో చాలా తర్వాత బిగించారు.

మిగిలింది ఫలకం ముందు ఎక్కడుండేదన్నది. డాక్టర్ గారి అనుమతి తీసుకుని దాన్ని విప్పాను. మామూలుగా అతికి ఉన్నదాన్ని నేను విప్పను. ఈ అతుకు అసలుది కాదని తేలింది కనుక ఒప్పుకున్నాను. వెనక వైపు చూస్తే అసలు మేకుల మొదళ్లు నాలుగు మూలలా ఉన్నాయి, కోసేసి ఆకురాయితో నున్నగా చేశారు. ఫలకం మధ్యలో, నిలువునా, వెంట్రుక మందంలో పగుళ్లు. అటూ ఇటూ ఉన్న అక్షరాలు పక్కకి సాగాయి. వాలు లైటులో సుత్తి దెబ్బల వరుస స్పష్టంగా తెలిసింది. ఈ ఫలకం పుట్టినప్పుడు వంపు తిరిగి ఉంది. గుండ్రటి వస్తువుకి, బహుశా బ్రాటినా పొట్టకి, అతికించిన ఫలకాన్ని తీసి, సాపు చేసి, ఈ పీఠానికి కొట్టారు.

ఆ గిన్నె ఏమై ఉంటుందో రష్యా చరిత్ర తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1917 విప్లవం తర్వాత రెజిమెంట్లు పోయాయి, మెస్సులు పోయాయి, వెండి కొలిమికెళ్లింది. ఆకలి రోజుల్లో తోర్గ్‌సిన్ అనే సోవియట్ ప్రభుత్వ దుకాణాలకి జనం ఇళ్లల్లో దాచుకున్న బంగారం, వెండి తీసుకెళ్లి పిండి, నూనె తెచ్చుకున్నారు. అక్కడ తూకమే తప్ప పేర్లకి విలువ లేదు. వస్తువులన్నీ కలిసి బయటపడ్డ రెజిమెంట్లు చాలా తక్కువ. కొసాక్ గార్డు రెజిమెంటు తన మ్యూజియాన్ని నొవొచెర్కాస్క్ నుంచి కాన్‌స్టాంటినోపుల్, సెర్బియాల మీదుగా పారిస్ దాకా మోసుకెళ్లింది. ఆ సేకరణ ఇప్పటికీ పారిస్ పక్కన కూర్బెవ్వాలో ఒక ఇంట్లో ఉంది. కొంత భాగం బ్రసెల్స్ సైనిక మ్యూజియానికి చేరింది. ఆఫీసర్ల మనవలు, మునిమనవలు దాన్ని కాపాడుతున్నారు. ఇలాంటి పని చేసేవాళ్లు ఒక్కసారైనా అక్కడికి వెళ్లాలని నా అభిప్రాయం. వస్తువూ, దాని కథా విడిపోకుండా ఉంటే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

మన బొమ్మ విషయంలో జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఫలకం లేని కొసాక్‌కి మంచి ధర వస్తుంది. రెజిమెంటు పేరూ సంతకాలూ ఉన్న కొసాక్‌కి అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ జూన్‌లో లండన్‌లో జరగాల్సిన రష్యన్ వేలాలని సోత్‌బీస్, క్రిస్టీస్, బోన్‌హామ్స్ రద్దు చేశాయి. నేను చూస్తున్నంతలో ఇప్పుడు రష్యన్ వెండి ఎక్కువగా చేతులు మారుతున్నది చిన్న వ్యాపారుల దగ్గరా, ఇళ్ల మధ్యా. పెద్ద వేలం సంస్థ నిపుణులు తిరగేసి చూసే అవకాశం అంతమేరకు తగ్గిపోయింది. కొనేవాళ్లు ఫలకం చదివి కరిగిపోకుండా ముందు అడుగున ముద్ర చూడాలి, ఆ రెండు తేదీలూ పొసగుతాయో లేదో చూడాలి. భూతద్దం, వాలు లైటు ఉంటే చాలు, ఈ ఒక్క పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు.

డాక్టర్ గారికి చెప్పడం తేలికేం కాలేదు. బొమ్మని వాళ్ల భోజనాల బల్ల మీద పెట్టి, ఫోటోలు ఒక్కొక్కటీ చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే నన్ను మోసం చేశారా అమ్మా?"

"బొమ్మ అసలుదే డాక్టర్ గారూ. ఫలకం కూడా అసలుదే. రెండూ ఒకదానివొకటి కావు, అంతే."

"మరి దీన్ని ఇప్పుడేమనాలి?"

"గ్రాచేవ్ సోదరుల కొసాక్ రౌతు, పీటర్స్‌బర్గ్, 1908కీ 1917కీ మధ్య. దాంతోపాటు వేరే వస్తువు నుంచి తీసిన 1902 నాటి డ్రాగూన్ కానుక ఫలకం. రిపోర్టులో అలాగే రాశాను."

ఆయన అద్దం తీసుకుని గుర్రం మెడ వైపు చూశారు. జూలు పని చూపించి, దీనికి ఫలకంతో అవసరం లేదన్నాను. నిజంగానే నమ్మి అన్న మాట అది. అంత చెయ్యి తిరిగిన పని ఏ కమాండర్ పేరు లేకపోయినా నిలబడుతుంది. అమ్మిన వ్యాపారి రిపోర్టు చదివాక, కొంత వాదన జరిగాక, డబ్బులో కొంత భాగం వెనక్కిచ్చాడు. ఇన్సూరెన్సు కొత్త విలువకి తీసుకున్నారు.

నాకు మాత్రం అప్పటి నుంచీ ఫలకం మీదే ధ్యాస. దాని మీద ఉన్నవాళ్లు నిజంగా బతికిన మనుషులు. ఆ కాలంలో రష్యన్ సైన్యం కల్నల్‌ల జాబితాలు సీనియారిటీ ప్రకారం అచ్చు వేసేది: పుట్టిన తేదీ, మతం, ఎక్కడ చదివారు, ఏ యుద్ధంలో పాల్గొన్నారు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ ఉంటాయి. చాలా సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కమాండర్ అక్కడే దొరికాడు, రెజిమెంటు వదిలిన తేదీ కూడా ఫలకంతో సరిపోయింది. రెజిమెంటు ఆఫీసర్ల జాబితాతో పోల్చుకుంటూ సంతకాలు చదువుతున్నాను, సగానికి పైగా తేలాయి. ఒక సంతకం దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. చివరికి అది ఫిన్లండ్ వైపు స్వీడిష్ ఇంటిపేరు, రష్యన్ అక్షరాల్లో రాసిందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరి సర్వీసు రికార్డులు మాస్కోలోని సైనిక చరిత్ర ఆర్కైవ్‌లో ఉంటాయి. ఇక్కడి నుంచి తెప్పించుకోవడం ఇప్పుడు కష్టం కాబట్టి, పారిస్‌లోని వలస కుటుంబాల సంఘాలకి ఉత్తరాలు రాశాం.

కమాండర్ వారసులు దొరికితే ఫలకాన్ని వాళ్లకే ఇచ్చేస్తానని డాక్టర్ గారు అన్నారు. ఊరికే అనడం కాదు, రిపోర్టు చివర ఆ మాట రాయించి, కింద తెలుగులో సంతకం పెట్టారు.